గోధుమ గాదెల మీద బొమ్మలు: విమ్మెరా సైలోల గురించి అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు వాయవ్య భాగం, విమ్మెరా-మల్లీ, ఎక్కువగా గోధుమ, బార్లీ పండే నేల. అక్కడి కాంక్రీటు సైలోలు పనికి మన గాదెల్లాంటివే, ఎత్తు మాత్రం కొన్నిచోట్ల సుమారు 30 మీటర్లు. వాటి గోడల మీద చిత్రకారులు పెద్ద పెద్ద బొమ్మలు వేశారు, అలా బొమ్మలున్న తొలి ఆరు ఊళ్లను కలిపే దారి సుమారు 200 కిలోమీటర్లు.

అపోహ: పాడుబడ్డ చోటే కదా, చుట్టూ తిరగొచ్చు.
వాస్తవం: చూడటానికి టికెట్ లేదు, కానీ కంచె దాటకూడదు, రైలు పట్టాల మీదికి పోకూడదు. సైలో ఖాళీగా ఉన్నా నవంబరు, డిసెంబరు కోతల్లో ఆ దారులన్నీ ధాన్యం లారీలవే. జంట ట్రైలర్ల లారీ 26 మీటర్ల దాకా ఉంటుంది, దానికి అడ్డంగా కారు ఆపొద్దు. ఎండుగడ్డి మీద అసలే ఆపొద్దు, వేడెక్కిన సైలెన్సర్ చాలు అంటుకోవడానికి.

అపోహ: 200 కిలోమీటర్లే, మూడు గంటల్లో అయిపోతుంది.
వాస్తవం: నడపడానికి సరిపోతుందేమో, చూడటానికి చాలదు. దక్షిణం నుంచి వరుస ఇది: రుపన్యప్, షీప్ హిల్స్, బ్రిమ్, రోజ్‌బెరీ, లాసెల్స్, పాచెవోలక్. రోజంతా కేటాయించండి. మెల్‌బోర్న్ నుంచి బయల్దేరితే ఒక రాత్రి దారిలోని వారక్‌నబీల్ ఊళ్లో ఆగడం మేలు, పెట్రోలు కూడా అక్కడే నింపుకోవచ్చు. బస్సుల మీద ఆశ పెట్టుకోవద్దు, కారు ఉండాల్సిందే.

అపోహ: దగ్గరికి వెళ్లేకొద్దీ ఫొటో బాగుంటుంది.
వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గోడ గుండ్రం. దగ్గర నిలబడితే ముఖం అంచులు వంపు వెనక్కి జారిపోతాయి, ఫోను పైకెత్తితే సైలో వెనక్కి ఒరిగినట్టు పడుతుంది. 50 మీటర్లు వెనక్కి రండి. ఫోను నిలువుగా, వంచకుండా పట్టుకోండి. 30 మీటర్ల గోడ మామూలు లెన్సులోనే పట్టేస్తుంది. కింద మిగిలిన నేలను తర్వాత కత్తిరించుకోవచ్చు.

అపోహ: మిట్టమధ్యాహ్నం వెలుతురు బాగుంటుంది.
వాస్తవం: అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. మన అలవాటుకి తిరగేసి లెక్క వేయాలి. దక్షిణం గోడ జూన్, జులైలో ఎండే చూడదు, దానికి మబ్బు పట్టిన రోజే నయం. తూర్పు గోడకు ఉదయం, పడమటి గోడకు సాయంత్రం. బయల్దేరే ముందు ఏ బొమ్మ ఎటు చూస్తోందో మ్యాపులో చూసుకుని, మ్యాపు ఫోనులోకి దించుకోండి. దారిలో సిగ్నల్ అన్నిచోట్లా దొరకదు.

అపోహ: అన్నీ ఒకేరకం రైతు ముఖాలు.
వాస్తవం: బ్రిమ్‌లో చిత్రకారుడు గైడో వాన్ హెల్టెన్ 2016 జనవరిలో ముగించిన నలుగురూ పేరులేని రైతులే, నిజమే. షీప్ హిల్స్‌లో అడ్నేట్ అనే చిత్రకారుడు వేసింది ఆదివాసీ పెద్దలు ఇద్దరిని, పిల్లలు ఇద్దరిని, వెనక నక్షత్రాల ఆకాశంతో. లాసెల్స్‌లో మరో చిత్రకారుడు రోన్ కాంక్రీటు రంగులోనే కలిసిపోయే లేత ఛాయలు వాడాడు. ఫొటోలో వెలవెలబోయినట్టుండే ఆ బొమ్మను ఎదురుగా నిలబడే చూడాలి.

సాయంత్రపు వెలుతురు కోసం ఆగితే తిరుగు ప్రయాణంలో వేగం తగ్గించండి. మసకచీకట్లోనే కంగారూలు రోడ్డెక్కుతాయి.