గర్భసంచి ఆపరేషన్లు: తప్పంతా ఆరోగ్యశ్రీదేనా?

గర్భసంచి ఆపరేషన్ల మీద మళ్లీ చర్చ మొదలైంది, ఎప్పటిలాగే అందరూ ఆరోగ్యశ్రీనే తిడుతున్నారు. 2007లో పథకం రావడం, తెల్లకార్డుతో వచ్చిన కూలి ఆడవాళ్లకి ప్రైవేటు ఆస్పత్రులు ఎడాపెడా గర్భసంచులు తీసేయడం తెలిసిందే. ఆ తర్వాత కొన్నేళ్లకే ప్రభుత్వం ఈ ఆపరేషన్ని కార్డు మీద ప్రైవేటులో చేయకుండా ఆపేసిందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మరి తగ్గాయా? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. పాత కేసులూ అందులో ఉంటాయి, సరే. కానీ కార్డు చెల్లకపోతే అప్పు చేసి మరీ చేయించుకుంటున్నారు కదా, అదెందుకు?

నన్నడిగితే అసలు మలుపు కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషనే. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది అది చేయించుకున్నవాళ్లే, మగవాళ్ల వేసెక్టమీ ఒక్క శాతం కూడా లేదు. పాతికేళ్లు నిండకుండానే ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. ఇక ఆ సంచితో పనేంటని డాక్టరే కాదు, అత్త, మొగుడు, చివరికి ఆమె కూడా అనేస్తుంది. తెల్లబట్ట, నడుం నొప్పి అంటూ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే ఆయన టౌన్లో ఆస్పత్రికి పంపుతాడు, అక్కడ స్కానింగ్ తీసి 'పాడైంది, ఉంచితే క్యాన్సర్' అంటారు. చాలాసార్లు ఆ తెల్లబట్టకి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఆకుపచ్చ కిట్టులోని మాత్రలు చాలు. అదే బాధతో డబ్బున్నామె హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ని అడుగుతుంది, మందులు వాడి చూస్తుంది. కూలికెళ్లే మనిషికి నెలనెలా పోయే రోజులంటే కూలి డబ్బులే, పొలంలో మరుగుదొడ్డి ఎలాగూ ఉండదు.

పేషెంట్లే పట్టుబడతారని డాక్టర్లంటారు. కొంత నిజమే, భయపెట్టాక పట్టుబట్టరా మరి. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లుడిగిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి. అది ముందే చెప్పి సంతకం పెట్టించుకునేది ఎంతమంది?

2019లో మహారాష్ట్ర బీడ్ చెరుకు కోత కూలీల విషయంలోనూ ఇదే బయటపడింది, అక్కడ పని మానితే మేస్త్రికి జరిమానా కట్టాలి. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసర గర్భసంచి ఆపరేషన్లని ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకి చెప్పింది. వాటి ప్రకారం రాష్ట్ర, జిల్లా కమిటీలు ఈ ఆపరేషన్ల మీద కన్నేసి ఉంచాలి. మన రెండు రాష్ట్రాలూ ముందు ప్రైవేటు ఆస్పత్రుల జిల్లాల వారీ లెక్కలు, ఆడవాళ్ల వయసుతో సహా బయటపెట్టాలి.