పని ఒకటి, ఖాతాలు రెండు: సరిహద్దు కంట్రాక్టర్ల లెక్కల వెనక కథ

మహారాష్ట్రలోని సిరొంచలో గోదావరి దాటితే తెలంగాణలోని కాళేశ్వరం. 2016 చివర్లో వంతెన అందుబాటులోకి వచ్చాక ఇటు తెలుగు కంట్రాక్టర్లు అటు పనులు పట్టడం, అటువాళ్లు ఇటు రావడం తేలికైంది. ఈరోజు గడ్చిరోలి జిల్లాలో మట్టి తవ్విన జేసీబీ రేపు భూపాలపల్లి జిల్లాలో కాలువ పనిలో ఉండొచ్చు. మరి ఇక్కడ కొట్టించిన డీజిల్ ఏ పని ఖాతాలో పడాలి? సైటు సూపర్‌వైజర్ ఒకటి చెబుతాడు, అకౌంటెంట్ ఇంకోటి చెబుతాడు. ఓ మోస్తరు నిర్మాణ సంస్థలు కూడా ఇప్పుడు డేటా వేర్‌హౌస్ (వేర్వేరు చోట్ల ఉన్న లెక్కలన్నీ ఒకేచోట చేర్చి దాచే వ్యవస్థ) గురించి ఆరా తీస్తున్నాయంటే కారణం ఇలాంటి ప్రశ్నలే. అయితే ఈ చిక్కు కంప్యూటర్ల కంటే చాలా పాతది.

మన సివిల్ పనుల లెక్కల పద్ధతి పీడబ్ల్యూడీ (ప్రజా పనుల శాఖ) నుంచి వచ్చింది. డల్హౌసీ హయాంలో, 1854లో ఆ శాఖ ఏర్పడింది. జరిగిన పనిని కొలిచి ఎంబీలో (మెజర్‌మెంట్ బుక్, అంటే కొలతల పుస్తకం) రాయడం, దాన్నిబట్టి బిల్లు చేయడం, బిల్లును బట్టి డబ్బు ఇవ్వడం అనే వరస ఇప్పటికీ అదే. ఎంబీకి పేజీ నంబర్లుంటాయి. పేజీ చింపకూడదు. తప్పు పడితే చెరపకుండా గీత కొట్టి సంతకం పెట్టాలి. గట్టి పద్ధతే. కాకపోతే సర్కారు కంట్రాక్టరుకు ఎంత బాకీ ఉందో మాత్రమే ఎంబీ చెబుతుంది. ఆ పనికి కంట్రాక్టరు జేబులోంచి ఎంత పోయిందో దానికి అనవసరం. అది కూలీల హాజరు రాసే మస్టర్‌లోనో, సిమెంటు షాపు ఖాతాలోనో, మేస్త్రికిచ్చిన అడ్వాన్సు చిట్టీలోనో ఉంటుంది.

తర్వాత లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ వచ్చింది. 1986లో మొదలైన ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ చిన్న ఊళ్ల అకౌంటెంట్ల దాకా చేరింది. పని వారీగా ఖర్చు చూసుకోవడానికి అందులో కాస్ట్ సెంటర్ ఉంది. కానీ ఆడిటర్ అడిగేది బ్యాలెన్స్ షీటు, రిటర్నులు. అడగనిది ఎవరు ఎక్కిస్తారు? పైగా చాలా ఆఫీసుల్లో ఏటా మార్చి తర్వాత డేటా విడగొట్టి కొత్త ఫైలు తెరుస్తారు. దాంతో మూడేళ్ల రోడ్డు పని మూడు ఫైళ్లలో ముక్కలవుతుంది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక సరిహద్దు వాళ్లకు ఇంకో ముక్క తోడైంది. పాన్ ఒకటే అయినా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం రిజిస్ట్రేషన్. మహారాష్ట్ర నంబరు 27తో, తెలంగాణ నంబరు 36తో మొదలవుతుంది. పన్ను లెక్క తేలిగ్గా ఉంటుందని చాలామంది టాలీలోనూ రెండు కంపెనీలు తెరిచారు. పన్నుకు అది సరిపోయింది. యజమానికి మాత్రం మొత్తం మీద లాభమా నష్టమా అన్నది చేత్తో కూడితే తప్ప తెలియడం లేదు.

అటు వేర్‌హౌస్ ఆలోచన వేరే దారిలో పెరిగింది. 1988లో బ్యారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ ఐబీఎం పత్రికలో దాని నిర్మాణం గురించి రాశారు. 1992లో బిల్ ఇన్‌మన్ దానికి నిర్వచనం ఇచ్చాడు: విషయం వారీగా, అన్ని చోట్ల నుంచీ ఒకే రూపంలోకి తెచ్చి, కాలంతో సహా దాచాలి, ఒకసారి ఎక్కినది మార్చకూడదు. ఈ చివరి షరతు ఎంబీ రాసేవాళ్లకు కొత్తేం కాదు. 1996లో రాల్ఫ్ కింబల్ పుస్తకం వచ్చింది. అంకెలు ఒక పట్టికలో, వాటిని ఏ కోణాల్లో చూడాలో ఆ వివరాలు చుట్టూ ఉన్న పట్టికల్లో పెట్టాలన్నాడు. ఆయన ప్రసిద్ధ ఉదాహరణ కిరాణా దుకాణం. అక్కడ అమ్మకం కౌంటర్ దగ్గరే ముగుస్తుంది. మన పనుల్లో బిల్లు అయ్యాక కూడా లెక్క కదులుతూనే ఉంటుంది.

పని నడుస్తుండగా ఎప్పటికప్పుడు పెట్టే ఆర్‌ఏ (రన్నింగ్ అకౌంట్) బిల్లునే చూడండి. అందులో ఉండేది ఇప్పటిదాకా జరిగిన మొత్తం పని. మొదటి బిల్లు 40 లక్షలు, రెండోది 70, మూడోది 100 అంటే జరిగిన పని కోటి రూపాయలదే. బిల్లుల మొత్తాలు కూడేస్తే రెండు కోట్ల పది లక్షలవుతుంది. లెక్కలు తెర మీద చూపే డ్యాష్‌బోర్డు అందంగానే వస్తుంది, అంకె తప్పు. పాత బిల్లు తీసేసి తేడాను మాత్రమే ఎక్కించాలని సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ముందే చెప్పాలి. చెప్పాల్సింది బిల్లు రాసే మనిషి. మీటింగుకు పిలవనిది అతన్నే.

ఇసుకదీ ఇదే గొడవ. మహారాష్ట్ర వైపు బ్రాస్ లెక్క, అంటే 100 ఘనపుటడుగులు, సుమారు 2.83 ఘనమీటర్లు. సైటులో ట్రాక్టర్ ట్రిప్పు లెక్క. ప్రభుత్వ ఎస్టిమేటులో ఘనమీటర్లు. ట్రిప్పుకు ఎంత పడుతుందో ఎక్కడా రాసి లేకపోతే వాడకాన్ని ఎస్టిమేటుతో పోల్చడానికి ఉండదు. సైటు పేర్లూ అంతే. టాలీలో 'అంకీసా', మస్టర్‌లో 'అంకీసా రోడ్డు', అగ్రిమెంటులో రెండు లైన్ల మరాఠీ పేరు. మూడూ ఒకటేనని మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు.

నన్నడిగితే వేర్‌హౌస్ కోసం సర్వరు కొనే ముందు తేల్చాల్సింది పట్టికలో ఒక్కో వరుసలో ఏం రాస్తామన్నది. ఖర్చుకైతే సైటు, పద్దు, తేదీ చాలు. ఐటమ్ వారీ (ఎస్టిమేటులోని ఒక్కో రకం పనికి విడిగా) ఖర్చు కావాలని పట్టుబడితే మేస్త్రి అడ్వాన్సును ఏ ఐటమ్‌కు రాయాలో తోచక జనం ఏదో ఒకటి నింపేస్తారు. రాబడికి మాత్రం ఐటమ్ వారీ వివరం ఎంబీలోనే దొరుకుతుంది. రెండింటినీ సైటు కోడ్ కలపాలి. రెండు రాష్ట్రాల పుస్తకాల్లోనూ ఆ కోడ్ ఒకటే ఉండాలి. కోడ్ ఇచ్చే పని ఒక్కరి చేతిలోనే పెట్టాలి.

రిటెన్షన్ (బిల్లుల్లోంచి పట్టి ఉంచే డబ్బు) సంగతి చాలామంది మరిచిపోతారు. పని అయిపోయినా డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలు వస్తే కంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) తీరేదాకా ఆ డబ్బు సర్కారు ఆఫీసులోనే ఉంటుంది. ఆ బకాయి మూలం ఏళ్ల కిందటి టాలీ ఫైలులో ఉంటుంది. ఈ ఏడాది లెక్కలు మాత్రమే ఎక్కించి వేర్‌హౌస్ మొదలుపెడితే ఆ బకాయి అందులో కనపడదు. పాత కంప్యూటర్ అమ్మేసే ముందు హార్డ్ డిస్కు తీసి పెట్టుకోవడం మంచిది.