సగం బరువు విమానం

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో కబ్‌క్రాఫ్టర్స్ అని ఒక చిన్న విమానాల కంపెనీ ఉంది. 1980లో జిమ్ రిచ్‌మండ్ దాన్ని పెట్టినప్పుడు పైపర్ సూపర్ కబ్ అనే పాత చిన్న విమానాలను విప్పి బాగుచేయడమే వాళ్ల పని. ఆ తర్వాత సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టారు. ఇసుక తిన్నెలు, గులకరాళ్ల ఒడ్డులు, కొండవాలు పచ్చికలు, ఎక్కడ పడితే అక్కడ దిగే రకం ఇవి.

వీటిలో కార్బన్ కబ్‌ని ఎక్కువమందికి తెలిసిన సెస్నా 172 పక్కన పెట్టి చూడండి. రెండింటి రెక్కల వైశాల్యం దాదాపు ఒకటే, 16 చదరపు మీటర్ల పైచిలుకు. ఇంజన్ కూడా రెండింటికీ 180 హార్స్‌పవరే. కానీ నలుగురు కూర్చునే సెస్నా గరిష్ఠ బరువు 1,157 కిలోలైతే, ఇద్దరు కూర్చునే కార్బన్ కబ్‌ది 600 కిలోలే. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. రెక్క ఇచ్చే లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, వేగం వర్గాన్ని (వేగం × వేగం) బట్టి పెరుగుతుంది కాబట్టి, సగం బరువుని గాల్లో నిలపడానికి సుమారు 70 శాతం వేగం చాలు, దిగాక ఆగడానికి పట్టే దూరం కూడా వేగం వర్గాన్ని బట్టే ఉంటుంది కాబట్టి అది దాదాపు సగమైపోతుంది, దానికి ఎదురుగాలి తోడైతే ఇంకా తగ్గుతుంది. 2023లో పోలండ్ పైలట్ ల్యూక్ చెపియేలా ప్రత్యేకంగా మార్పులు చేసిన కార్బన్ కబ్‌ని దుబాయ్ బుర్జ్ అల్ అరబ్ హోటల్ పైనున్న 27 మీటర్ల హెలిప్యాడ్ మీద దింపాడు. అది స్టంటే, కాకపోతే లెక్క అదే.

ఈ 600 కిలోలు అమెరికాలో తేలికపాటి విమానాల కోసం 2004లో వచ్చిన లైట్ స్పోర్ట్ నిబంధన అప్పట్లో పెట్టిన హద్దు. అందులో ఇమడ్చడానికి కార్బన్ ఫైబర్ వాడారు. ఇంకో తమాషా, ఆ 180 హార్స్‌పవర్ టేకాఫ్‌కి, పైకెక్కడానికి మాత్రమే, అదీ 5 నిమిషాలే. ఆ తర్వాత 80కి తగ్గించాలి. నిబంధనకి దొరక్కుండా వేసిన ఎత్తే, కానీ బుష్ పైలట్‌కి, అంటే రన్‌వేలు లేని మారుమూల చోట్ల విమానం దింపేవాడికి, బలం కావాల్సింది కూడా ఆ కాసేపే.

తర్వాత 2016లో ప్రభుత్వ సర్టిఫికెట్ తెచ్చుకున్న ఎక్స్‌కబ్ అనే మోడల్ వచ్చింది, ఎక్కువ బరువు మోస్తుంది, వేగమూ ఎక్కువే. దానికి ముక్కు చక్రం పెడితే ఎన్ఎక్స్‌కబ్.

ఇంత తేలికైన విమానానికి గాలంటేనే టెన్షన్. కుదుపులు గట్టిగా తగులుతాయి, దిగి ఇంజన్ ఆపాక కూడా తాళ్లతో నేలకి కట్టేయకపోతే ఓ పెద్ద గాలికే తిరగబడొచ్చు.