సాయం రోడ్డు పక్కనే ఎందుకు ఆగిపోతుంది?

తుపాను దాటిన రెండో రోజున సాయం ఎంత దూరం వెళుతుందో విశాఖపట్నంలో చాలామందికి తెలుసు. జాతీయ రహదారి మీద నిలబడ్డ లారీకి కనిపించినంత మేరే. రోడ్డును ఆనుకున్న కాలనీకి పులిహోర పొట్లాలు మూడుసార్లు వస్తాయి. లోపలి మత్స్యకారుల పల్లెకు, కొండ మీది గిరిజన గూడేనికి మంచినీళ్లు కూడా చేరవు. దాతల మనసు మీద నాకు అనుమానం లేదు. ఆదుకునే పద్ధతి మన దగ్గర ఎంతవరకు ఎదిగిందో, ఎక్కడ ఆగిందో చూడాలి.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు 10 వేల మంది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు సేకరించారు. ఇచ్చే చేతులకు ఆనాడూ కొదవ లేదు. లేనిదల్లా సముద్రం ఊళ్ల మీదికి వస్తున్నదని తీరప్రాంత జనానికి వేళకు చెప్పి, వాళ్లను తరలించే ఏర్పాటు. ఆ చావుల తర్వాతే తీరం వెంబడి తుపాను షెల్టర్లు లేచాయి. 2004 సునామీ తర్వాత, 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది జాతీయ విపత్తు స్పందన దళాలు (ఎన్‌డీఆర్‌ఎఫ్) ఏర్పడ్డాయి.

ఆ శ్రమ ఫలితం 2014 అక్టోబరు 12న కనిపించింది. హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల గాలులతో విశాఖ దగ్గరే తీరం దాటింది. ఎక్కడ దాటుతుందో వాతావరణ శాఖ ముందే చెప్పింది. లక్షకు పైగా జనాన్ని తరలించారు. విమానాశ్రయం ఛిద్రమైంది, అయినా మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. దివిసీమను తలచుకుంటే ఇది ఎంత పెద్ద విజయమో అర్థమవుతుంది.

ప్రాణాలు కాపాడటం నేర్చుకున్నాం. గాలి తగ్గాక చేయవలసిన పని మాత్రం ఇంకా సరిగా పట్టుబడలేదు.

హుద్‌హుద్ మర్నాడు కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు, పాల ప్యాకెట్ ధర చుక్కలనంటింది. ఏ వీధిలో చూసినా అడ్డంగా కూలిన చెట్లే. అలాంటి రోజున అన్నం పొట్లం కంటే రంపం విలువైనది. మాను కోసి పక్కకు లాగితేనే అంబులెన్సు, నీళ్ల ట్యాంకరు, కరెంటు స్తంభాల లారీ కదులుతాయి. ఆ పనికి గొడ్డళ్లు పట్టుకుని ముందు దిగేది ఇరుగుపొరుగు వాళ్లే. ఏ విపత్తులోనైనా అంతే. బయటి నుంచి వెళ్లేవాళ్లు ముందు వాళ్లను అడగాలి. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ పెద్దాయనకు బీపీ మాత్రలు అయిపోయాయి అన్నది ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు కంఠోపాఠం. వాళ్ల చేత పేర్లు రాయించుకుని, ఇంటింటికీ అందించాలి. లారీ మీద నుంచి విసిరితే బలమున్నవాళ్లకే దొరుకుతాయి. ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు ఉత్త చేతులతో వెనుదిరుగుతారు.

పాత బట్టల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సునామీ తర్వాత తమిళనాడులోని నాగపట్నం తీరంలో దానంగా వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి తడిసి ముద్దయ్యాయి. వాటిని ఎత్తడం మరో పని అయింది. ఇల్లు కోల్పోయినవాళ్లకు ఎవరో వాడి పడేసిన చిరుగుల చొక్కా ఇవ్వడం అవమానం కూడా. పంపేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: డబ్బు పంపండి. దగ్గరి అంగడిలో సరుకు దొరుకుతుంటే అక్కడే కొనవచ్చు, ఆ చిన్న వ్యాపారి కూడా నిలదొక్కుకుంటాడు. అక్కడ దొరకనివి టార్పాలిన్లు, క్లోరిన్ బిళ్లలు, శానిటరీ నాప్‌కిన్లు అయితే, అవే పంపండి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు కావాలని విపత్తు సాయం కనీసం ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణాలు చెబుతాయి. ఒక్కో సీసా పంచి ఫొటో తీసుకుంటే ఆ అవసరం తీరదు.

అన్ని విపత్తులూ ఒకేలా ఉండవు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే రసాయనపు విష ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. అలాంటి చోటికి మాస్కు, శిక్షణ లేకుండా పరుగెత్తితే వెళ్లినవాళ్లే మరో బాధితులవుతారు. ఈ రంగంలో పనిచేయాలనుకునే యువత విపత్తు రాకముందే ప్రథమ చికిత్స నేర్చుకోవాలి. రెడ్‌క్రాస్‌లోనో, వాలంటీర్లకు ప్రభుత్వం ఇచ్చే ఆపద మిత్ర శిక్షణలోనో చేరాలి.

ఇక ఎవరూ పెద్దగా ముట్టుకోని పని రెండో నెలలో ఉంటుంది. హుద్‌హుద్ గాలికి మన్యంలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు పడిపోయాయి. అవి మళ్లీ ఎదగడానికి ఏళ్లు పడుతుంది. తీరంలో పడవ పోతే యజమానికి పరిహారం అడగడానికి కాగితాలైనా ఉంటాయి, ఆ పడవ మీద పనిచేసే కలాసీకి అవీ ఉండవు. నష్టం నమోదు చేసే జాబితాలో కౌలు రైతు పేరు తరచూ జారిపోతుంది. దరఖాస్తు రాసిపెట్టడం, తడిసిన ఆధార్, పాసుపుస్తకాలకు నకళ్లు తెప్పించడం, జాబితాలో పేరు లేనివారిని వెంటబెట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళ్లడం: ఈ పనులకు లారీ అక్కర్లేదు. చదువొచ్చిన ఇద్దరు మనుషులు, కొన్ని వారాల తీరిక ఉంటే చాలు. లారీలు వెళ్లిపోయిన ఆ నెలలోనే వాళ్ల అవసరం ఎక్కువ.