ఇంజన్ ఆన్ చేసే ముందు

పిల్లలూ,

చదరంగం టోర్నమెంటులో ఆట అయిపోయి బయటికి రాగానే మీరు చేసే మొదటి పని ఏమిటో నాకు తెలుసు. ఫోన్ చేతికందగానే ఎత్తులన్నీ గబగబా ఎక్కించి "ఎక్కడ పోగొట్టుకున్నాను?" అని ఇంజన్‌ని, అంటే ఎత్తుల్ని లెక్కగట్టి మంచిచెడ్డలు చెప్పే ప్రోగ్రామ్‌ని అడుగుతారు. అది క్షణంలో చెప్పేస్తుంది. ఫలానా ఎత్తు పక్కన, అది ఘోరమైన తప్పని చెబుతూ రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. "అబ్బా, అవును కదా!" అనుకుని ఫోన్ పక్కన పడేస్తారు. పుస్తకం వెనక జవాబు చూసేసి లెక్క వచ్చేసిందని అనుకోవడం లాంటిదే ఇది.

ఇంజన్ వాడొద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించడానికి ఐబీఎం వాళ్లు డీప్ బ్లూ అని ప్రత్యేకంగా ఒక భారీ యంత్రాన్నే తయారు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు మీ ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా నడిచే స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ దానికంటే చాలా బలమైనది. అంత గొప్ప సాధనం చేతిలో ఉండగా వాడుకోకపోతే ఎలా? కాకపోతే వరస మారాలి. ముందు మీరు చూడాలి, తర్వాత అది చూడాలి.

ఎందుకంటే, బోర్డు మీద ఏం జరిగిందో ఇంజన్‌కి తెలుసు గానీ మీ బుర్రలో ఏం జరిగిందో దానికి తెలియదు. మీరు ఏ ఎత్తు ఆడబోయి భయపడి మానేశారో, దేన్ని లెక్కలోకే తీసుకోలేదో మీరే చెప్పాలి. 2006లో క్రామ్నిక్ ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్నప్పుడు డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రామ్‌తో ఆడుతూ, ఒక్క ఎత్తులో మాట్ అయ్యే స్థితిలోకి తనంతట తనే వెళ్లాడు. ఆ ఎత్తు తప్పని ఏ ఇంజనైనా చెబుతుంది. అంతటివాడికి ఎదురుగా ఉన్న మాట్ ఎందుకు కనిపించలేదన్నది మాత్రం ఏ ఇంజనూ చెప్పలేదు. మీకు కావలసింది ఆ రెండో ప్రశ్నకు జవాబు.

అందుకని ఆట ఆడిన రోజే, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే, ఎత్తులు రాసుకున్న కాగితం, అదే స్కోర్‌షీట్, ముందు పెట్టుకుని మీ ఆలోచనలు రాయండి. "ఇక్కడ రూక్‌తో (ఏనుగుతో) కొడదామనుకున్నా, గుర్రం ఫోర్క్ వేస్తుందని (ఒకేసారి రెండు పావుల మీద పడుతుందని) మానేశా" అని రాస్తే చాలు, గొప్ప భాష అక్కర్లేదు. ఆట జరుగుతుండగా మాత్రం స్కోర్‌షీట్ మీద ఇలాంటివి రాయకూడదు, నిబంధనలు ఒప్పుకోవు. గడియారంలో ఎంత సమయం మిగిలిందో రాసుకోవచ్చు. తప్పకుండా రాసుకోండి. తప్పు చేసిన ఎత్తుకి పావుగంట ఆలోచించారా, పది సెకన్లలో ఆడేశారా అన్నది తెలిస్తే సగం రోగం బయటపడినట్టే. ఎదుటి ఆటగాడు ఒప్పుకుంటే హాలు బయట ఇద్దరూ కూర్చుని ఆట తిరగేయండి. మీరు లెక్కలోకే తీసుకోని ఎత్తుకి అతను ఎంత టెన్షన్ పడ్డాడో అప్పుడు తెలుస్తుంది.

ఇదంతా అయ్యాక ఇంజన్ ఆన్ చేయండి. చేయగానే కనిపించే అంకె గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్లస్ అంటే తెల్లవైపు మొగ్గు, మైనస్ అంటే నల్లవైపు మొగ్గు. ప్లస్ ఒకటి అంటే ఒక బంటు ఎక్కువున్నంత బలమని మేం నేర్చుకున్నాం. స్టాక్‌ఫిష్‌లో 2022 చివర వచ్చిన 15.1 వెర్షన్ నుంచి ఆ కొలత మారింది. ఇప్పుడు ప్లస్ ఒకటి అంటే, ఆ స్థితి నుంచి స్టాక్‌ఫిష్ తనతో తనే ఆడితే తెల్లవైపు గెలిచే అవకాశం సగానికి సగం అని. తనతో తనే అన్న మాట మరిచిపోకండి. ఆ అంకె రెండు యంత్రాల ఆట గురించి చెబుతోంది. మీరూ మీ ఎదురుగా కూర్చున్న పిల్లాడూ, చెరో నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా ఆడే ఆట గురించి కాదు.

కాబట్టి ప్లస్ ఏడు నుంచి ప్లస్ నాలుగుకి పడిందని గుండెలు బాదుకోకండి. గెలిచే ఆట గెలిచేదిగానే ఉంది, మీరు తేలికైన దారి ఎంచుకున్నారేమో కూడా. అదే సున్నా నుంచి మైనస్ రెండుకి పడితే ఆగి చూడాలి. సున్నా కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. వరసగా ఆరేడుసార్లు, ప్రతిసారీ ఉన్న ఒకే ఒక్క సరైన ఎత్తు కనిపెడితేనే డ్రా అయ్యే స్థితికి కూడా ఇంజన్ సున్నా అనే రాస్తుంది. దానికి అది సమానం. మనకు అది నరకం!

ఇంజన్ చెప్పిన మొదటి ఎత్తు చూసి తలూపేయకండి, దానితో వాదించండి. ఒక ఉదాహరణ చెబుతాను. టూ నైట్స్ డిఫెన్స్ అనే ఆరంభంలో తెల్ల గుర్రం జీ5 గడికి దూకి ఎఫ్7 గడి మీద గురిపెడుతుంది. నల్లవైపు డీ5 అని బంటు తోస్తుంది, తెల్ల బంటు దాన్ని కొడుతుంది. ఇప్పుడు నల్ల గుర్రంతో ఆ బంటుని తిరిగి కొట్టడం ఎవరికైనా తోచే ఎత్తే. ఇంజన్ మాత్రం అది వద్దు, నల్లవైపు రెండో గుర్రాన్ని ఏ5కి తీసుకెళ్లమంటుంది. ఎందుకు? దాన్నే అడగండి. మీకు తోచిన ఎత్తే బోర్డు మీద ఆడి చూడండి. తెల్ల గుర్రం ఎఫ్7లో బలి అవుతుంది, రాజు దాన్ని కొడతాడు, క్వీన్ ఎఫ్3కి వచ్చి చెక్ ఇస్తూనే డీ5 గుర్రం మీదా పడుతుంది. ఆ గుర్రాన్ని నిలుపుకోవాలంటే రాజు ఈ6కి, అంటే బోర్డు నడిమధ్యకి రావాలి. ఆ బొమ్మ ఒకసారి చూశాక ఏ5 ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. నల్లవైపుకి ఒక బంటు తగ్గినా పావులు చురుగ్గా ఆడతాయి, రాజుకి ప్రమాదం ఉండదు.

చాలా ప్రోగ్రాముల్లో ఎదుటివాడి బెదిరింపు ఏమిటో చూపించే సౌకర్యం ఉంటుంది. మీ వంతు ఒకటి వదిలేస్తే అతను ఏం చేస్తాడో అది చూపిస్తుంది. చిన్నవాళ్ల తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే దొరుకుతాయని నా నమ్మకం. అలాగే ఒక్క ఎత్తే కాకుండా మూడు మంచి ఎత్తులు చూపించమనండి. మూడూ దాదాపు సమానంగా ఉంటే మీకు అర్థమైనదాన్ని ఎంచుకోండి. ఎంత చూసినా అంతుపట్టని ఎత్తుని బట్టీ పట్టకండి, వదిలేయండి.

బోర్డు మీద రాజులతో కలిపి ఏడు లేదా అంతకంటే తక్కువ పావులే మిగిలితే ఇంజన్‌ని కాదు, టేబుల్‌బేస్‌ని, అంటే అలాంటి స్థితులన్నిటి ఫలితాలూ ముందే దాచిపెట్టిన పట్టికని అడగండి. అక్కడ అంచనాలు ఉండవు. గెలుపో, ఓటమో, డ్రానో లెక్క కట్టేసి పెట్టారు.

చివరికి ప్రతి పెద్ద తప్పు పక్కనా కారణం రాయాలి. "బ్లండర్" (ఘోరమైన తప్పు) అని రాస్తే అది కారణం కాదు. "అతని చెక్ చూడలేదు", "గెలిచేశాననుకుని తొందరపడ్డా", "రూక్ ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశ) తెలియదు" అని రాయండి. కొన్ని ఆటలయ్యాక అన్నీ కలిపి చదివితే ఒకే వాక్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఏం సాధన చేయాలో అదే చెబుతుంది. ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ బోత్విన్నిక్ సొంత ఆటల్ని విశ్లేషించి అచ్చు వేయమనేవాడు, నలుగురూ చదివి తప్పులు పడతారని. ఆయన ఇంజనీరు కూడా, చదరంగం ఆడే ప్రోగ్రాముల కోసం ఏళ్ల తరబడి పనిచేశాడు. అలాంటివాడే సొంత కష్టాన్ని ముందు పెట్టాడు చూడండి.

గెలిచిన ఆటల్ని కూడా ఇలాగే చూడండి. వాటిలో ఎదుటివాడు పట్టుకోని తప్పులు దాక్కుని ఉంటాయి. ఇంకా రౌండ్లు మిగిలి ఉంటే మాత్రం ఆ రాత్రి ఇంజన్ జోలికి వెళ్లకండి. ఆలోచనలు రాసిపెట్టుకుని పడుకోండి, టోర్నమెంటు అయ్యాక తీరిగ్గా చూద్దురు గాని.

ఆశీస్సులతో,
మీ తాతయ్య