గద్ద ముక్కు ఊడిపోతే అన్నం ఎట్లా తింటుంది?

బుజ్జమ్మా, చిన్నోడా,

మొన్న ఆదివారం ఫోన్లో బుజ్జమ్మ ఎంత సంబరంగా చెప్పిందో! స్కూలు ప్రార్థనలో గద్ద కథ చెప్పావట, అందరూ చప్పట్లు కొట్టారట. నలభై ఏళ్లు వచ్చేసరికి గద్ద ముక్కు వంగిపోతుంది, గోళ్లు మొద్దుబారతాయి, ఈకలు బరువెక్కుతాయి. అప్పుడది కొండెక్కి ముక్కును బండకేసి కొట్టి ఊడగొట్టుకుంటుంది. కొత్త ముక్కు మొలిచాక దాంతో గోళ్లు పీకేసుకుంటుంది, కొత్త గోళ్లు వచ్చాక ఈకలు పీకేసుకుంటుంది. అయిదు నెలలకు మళ్లీ పడుచుదై ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుంది. ఇదీ నువ్వు చెప్పిన కథ.

వెనక నుంచి చిన్నోడు అడిగాడు, "మరి ముక్కు ఊడిపోతే అన్నం ఎట్లా తింటుంది జేజీ?" అని. "నువ్వుండరా" అన్నావు నువ్వు. నేనూ మాట మార్చేశాను. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని, అంత మంచి ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పకపోవడం నాకే బాగా అనిపించలేదు. రాత్రంతా అదే ఆలోచన. ఫోన్లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ కథ నిజం కాదు బుజ్జమ్మా. నీ తప్పేమీ లేదు, పెద్ద పెద్దవాళ్లు కూడా వేదికలెక్కి చెప్పే కథే అది. కానీ ఏ గద్దా అట్లా చేయదు, చేస్తే బతకదు. గద్ద ముక్కు లోపల ఎముక ఉంటుంది. దాని పైన మన గోరు లాంటి పదార్థంతో ఒక తొడుగు. దాన్ని కెరాటిన్ అంటారు. మన గోళ్లూ, ఆవు కొమ్ము పైపొరా అదే. ఆ తొడుగు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటుంది, మాంసం చీల్చేటప్పుడు అరుగుతూనే ఉంటుంది. పెరిగిందీ అరిగిందీ సరిపోతుంది కాబట్టి ముసలిదైనా ముక్కు వంపు తిరిగి రొమ్ముకు గుచ్చుకోదు. అదే లోపలి ఎముక దాకా విరిగిందనుకో, అది మళ్లీ మొలవదు. ముక్కు లేని గద్ద వేటను చీల్చుకోలేక కొన్నాళ్లకే ఆకలితో చచ్చిపోతుంది. చిన్నోడు అడిగింది సరిగ్గా ఇదే.

అయితే ఆ కథ ఎట్లా పుట్టి ఉంటుందో నాకొక ఊహ ఉంది. తిండి అయిపోయాక గద్ద ముక్కును బండ అంచుకో కొమ్మకో ఒకవైపు, మళ్లీ రెండోవైపు రుద్దుతుంది. అంటుకున్న నెత్తురూ నూగూ తుడుచుకోవడం అది, మనం చేయి కడుక్కున్నట్టు. దూరం నుంచి చూసినవాళ్లకు ముక్కును రాయికేసి కొట్టుకుంటున్నట్టే కనబడుతుంది.

ఈకల సంగతి కూడా చెప్తాను. ఈకలు పాతబడేది నిజమే, కొత్తవి వచ్చేదీ నిజమే. కానీ నలభయ్యో ఏట కాదు, ప్రతి ఏడూ. అన్నీ ఒకేసారి రాలితే ఎగరలేదు కాబట్టి ఈ రెక్కలో ఒకటి, ఆ రెక్కలో ఒకటి, వరసగా రాలుస్తుంది. పెద్ద గద్దలకు రెక్కల్లోని పొడుగు ఈకలన్నీ మారడానికి ఏడాది పైనే పడుతుంది. పైన ఎగిరేటప్పుడు రెక్కలో ఒకచోట పన్ను ఊడినట్టు సందు కనిపిస్తే, అక్కడ కొత్త ఈక వస్తోందని అర్థం. ఇక డెబ్బై ఏళ్ల ఆయుష్షు కూడా లేదు. అమెరికాలో కాలికి రింగు వేసి వదిలిన ఒక తెల్లతల గద్ద 38 ఏళ్లు బతికితే, అడవిలో అంతకాలం బతకడమే గొప్ప అనుకున్నారు.

నిజం గద్ద ఎట్లా ఉంటుందో చూడాలంటే మన గండికోటకు మించిన చోటు లేదు. ఎందుకో చెప్పనా? అన్ని ఊళ్లలోనూ గద్దను కింది నుంచి చూస్తాం, మెడ నొప్పి పుట్టేలా తల ఎత్తి. కోట వెనక బండల మీద కూర్చుంటే పెన్న లోయ మన కాళ్ల కింద ఉంటుంది. గద్ద ఆ లోయలో మనకంటే కిందగా ఎగురుతుంది. దాని వీపు కనబడుతుంది! బొనెల్లీ గద్ద అనే జాతి ఒకటుంది. బొనెల్లీ అంటే ఇటలీ దేశపు శాస్త్రవేత్త పేరు. పెద్దదైన బొనెల్లీ గద్దకు ముదురు గోధుమరంగు వీపు మీద, రెండు రెక్కల నడుమ, సున్నం చెయ్యి అద్దినట్టు తెల్ల మచ్చ ఉంటుంది. కింది నుంచి చూసేవాళ్లకు ఎప్పటికీ కనబడని మచ్చ. నాకది మొదటిసారి కనబడిన రోజు ఇంకా గుర్తే. ఎర్ర బండల ముందు ఆ తెల్లమచ్చ ఒక్కటే జారుకుంటూ పోతున్నట్టు ఉండింది.

ఇక్కడొక మాట. మనం ఎగిరే పెద్ద పక్షులన్నిటినీ గద్ద అనేస్తాం. జమ్మలమడుగులో చికెన్ అంగళ్ల మీద తిరుగుతాయే, అవీ గద్దలే, కానీ వేరే రకం. వాటి తోక చివర చీలి ఉంటుంది. చచ్చినవీ, మనం పారేసినవీ కూడా ఏరుకుని తింటాయి. దేవళం మీద తిరిగితే పెద్దవాళ్లు దండం పెట్టుకునే గరుడ పక్షిది తెల్లటి తల, ఇటుకరాయి రంగు ఒళ్లు. లేపాక్షి పేరు చెప్పగానే గుర్తొచ్చే జటాయువు రాబందు. నేను చెప్తున్న బొనెల్లీ గద్ద తోక చీలి ఉండదు, కాళ్లకు వేళ్ల మొదళ్ల దాకా ఈకలుంటాయి, పైజామా తొడిగినట్టు.

రెక్కలు చాపితే బొనెల్లీ గద్ద అయిదడుగులు ఉంటుంది. బరువు మాత్రం రెండు కిలోలకు అటూ ఇటూ, అంటే ఒక నాటుకోడంత. ఎముకలు చాలావరకు లోపల బోలుగా ఉండడం వల్ల అంత తేలిక. అయినా రెక్కలు కొట్టుకుంటూ రోజంతా తిరగాలంటే తిన్నదంతా దానికే చాలదు. అందుకని ఎండను వాడుకుంటుంది. మన బండలు ఎంత కాగుతాయో మీకు తెలుసు కదా, వేసవిలో కాలు పెట్టలేం. కాగిన బండను తాకిన గాలి వేడెక్కి, తేలికై, పైకి లేస్తుంది. గద్ద రెక్కలు చాచి ఆ లేచే గాలి మీద కూర్చుని గుండ్రంగా తిరుగుతుంది. తిరిగే కొద్దీ గాలే దాన్ని పైకి మోస్తుంది. బాగా పైకి పోయాక ఏటవాలుగా జారుకుంటూ ఇంకో గాలి కంబం దగ్గరికి. అందుకే పొద్దున్నే అది పెద్దగా ఎగరదు, ఎక్కువసేపు బండ మీద ముడుచుకుని కూర్చుంటుంది. రెక్క చివరి ఈకలు చేతివేళ్లలా విడివిడిగా ఉండడం చూశారా? ఆ సందులు గాలి సుళ్లను తగ్గిస్తాయి, నెమ్మదిగా ఎగిరినా కిందికి పడిపోకుండా ఉంటుంది.

అంత పైనుంచి కుందేలు ఎట్లా కనబడుతుందంటావా చిన్నోడా? మన కంటి వెనక పొరలో బాగా చురుగ్గా చూసే చిన్న గుంట ఒక్కటి ఉంటుంది. గద్ద ఒక్కో కంట్లో అవి రెండేసి. ఒకటి పక్కకు చూడను, ఒకటి ముందుకు చూడను. చూపు మనకంటే రెండు, రెండున్నర రెట్లు పదును. కానీ మనలాగా కనుగుడ్డు తిప్పలేదు, కళ్లు గూళ్లలో బిగిసి ఉంటాయి. అందుకే తల అటూ ఇటూ తిప్పుతుంది. దానికి మూడో రెప్ప కూడా ఉంది, ముక్కు వైపు నుంచి అడ్డంగా వచ్చే పల్చటి పొర. కంటిని తుడుస్తుంది, దుమ్మునుంచి కాస్తుంది.

మీ జేజినాయన చిన్నప్పుడు కోడిపిల్ల పోయిందంటే "గద్ద తన్నుకుపోయింది" అనేవాళ్లు. ఇప్పటికీ అంటాం. కొరుక్కుపోయింది అనం, ఎత్తుకుపోయిందని కూడా ఎప్పుడో గానీ అనం. ఎంత సరైన మాటో చూడండి! గద్ద చంపేది ముక్కుతో కాదు, కాళ్లతోనే. ముక్కు కత్తిపీట మాత్రమే, చీల్చడానికి. ముందు మూడు వేళ్లు, వెనక ఒకటి. ఆ వెనక వేలి గోరే పెద్దది, లోపలికి దిగేది అదే. కాలు ముడుచుకున్నప్పుడు కండను వేలికి కట్టిన తాడులాంటి నరం లాగబడి వేళ్లు వాటంతటవే బిగుస్తాయి. ఆ నరం మీద గరుకు పళ్లలాంటివి ఉండి ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి కాబట్టి, ఎంతసేపు పట్టుకున్నా దానికి పట్టు నొప్పి ఉండదు. ఈ మాట మన ఊళ్లో మొదట అన్నది ఎవరో గానీ బాగా చూసి అన్నారు.

పాముల గద్ద గురించి చెప్పకుండా ఉండలేను. అనంతపురం వైపు ఒక ఊళ్లో పనిచేసేటప్పుడు, వేరుశనగ చేల మధ్య ఒంటరి తుమ్మచెట్టు కొసన దాని గూడు ఉండేది. అది పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. ఆకాశంలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి నేలను వెతుకుతుంది. పాము విషం దానికి పడదనుకోకండి, కాటు పడితే దానికీ ప్రమాదమే. కాళ్ల మీది గట్టి పొలుసులూ, ఒత్తైన ఈకలూ, చురుకూ, అవే దాని రక్ష. ఒకరోజు బైనాక్యులర్‌లో చూస్తుండగా తల్లో తండ్రో గూటికి వచ్చింది. నోట్లో పాము లేదు, తోక మాత్రం జానెడు బయట వేలాడుతోంది. మిగతాదంతా మింగేసి ఉంది! పిల్ల ఆ తోక పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి వెనక్కి లాగడం మొదలుపెట్టింది. బావిలోంచి తాడు చేదినట్టు లాగుతుంటే పాము కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. వచ్చాక పిల్ల దాన్ని తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టింది. నేను ఆ రోజు బడికి గంట ఆలస్యంగా పోయాను.

మళ్లీ గండికోటకు వద్దాం. బొనెల్లీ గద్దల్లో ఆడదే పెద్దది. జంట కడితే ఏళ్ల తరబడి కలిసే ఉంటాయి, వేటకు కూడా చాలాసార్లు కలిసే పోతాయి. ఒకటి కౌజులను పొదలోంచి లేపితే రెండోది పట్టుకుంటుంది. ఎవరూ ఎక్కలేని గోడ అరుగు మీద పుల్లలతో గూడు. ఏటేటా దాని మీదే ఇంకొన్ని పుల్లలు వేస్తాయి. పచ్చి ఆకుల కొమ్మలు కూడా తెచ్చి పరుస్తాయి, పురుగూ పుట్రా రాకుండా ఉండడానికని శాస్త్రజ్ఞుల ఊహ. చలికాలంలో గుడ్లు, మామూలుగా రెండు. నలభై రోజులకు కాస్త అటూ ఇటూగా పిల్లలు. మొదటి గుడ్డు పెట్టిన నాటి నుంచే పొదగడం మొదలవుతుంది కాబట్టి ఒకటి ముందు, ఒకటి వెనక పుడతాయి. కొన్ని గద్ద జాతుల్లో పెద్దపిల్ల చిన్నదాన్ని పొడిచి చంపేస్తుంది. తల్లి అడ్డుపడదు. చిన్నోడికి ఇది వింటే బాధగా ఉంటుందని తెలుసు, నాకూ ఉంది, కానీ దాచడం నాకు ఇష్టం లేదు. తిండి కరువైన ఏడు రెండు పిల్లలూ సగం ఆకలితో చచ్చిపోయే బదులు ఒకటైనా నిలుస్తుంది.

అదే తల్లి ఎండాకాలం మొదలయ్యాక ఏం చేస్తుందో తెలుసా? మధ్యాహ్నం ఎండ నేరుగా గూట్లో పడుతుంది. పక్షులకు చెమట పట్టదు. పిల్లలకింకా తెల్లటి నూగే. తల్లి ఎండకు వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి గొడుగులా పట్టుకుని నిలబడుతుంది. నోరు తెరుచుకుని ఎగరొప్పుతూ, ఎండ జరిగే కొద్దీ తానూ జరుగుతూ. గంటల తరబడి చూశాను. పిల్లలు ఆ నీడలో నిద్రపోతుంటాయి. వాటికి రెండు నెలలు నిండేసరికి ఈకలు వస్తాయి, అరుగు మీదే రెక్కలు కొట్టి చూసుకుంటాయి. తల్లి పిల్లను లోయలోకి తోసేస్తుందని ఇంకో కథ కూడా వినే ఉంటారు. తొయ్యదు. తిండి పట్టుకుని కాస్త దూరాన కూర్చుంటుంది, అంతే.

ఒక్క చెడ్డ సంగతి. పోయినేడు మన ఊరి దారిలో కరెంటు స్తంభం కింద ఒక గద్ద పడి ఉండింది. కింది ఈకలు ఇటుక రంగులో ఉన్నాయి, అంటే ఇంకా చిన్నది. పొట్ట తెల్లగా, చారలు చారలుగా అయ్యేసరికి వాటికి నాలుగేళ్లు పడుతుంది. రెక్క అంచు కాలి ఉంది. తీగ మీద పిచ్చుక కూర్చుంటే ఏమీ కాదు, ఒక్క తీగనే తాకుతుంది కాబట్టి. గద్ద స్తంభం అడ్డకమ్మీ మీద కూర్చుని లేవబోతే అయిదడుగుల రెక్క తీగకు తగులుతుంది, కాళ్లు ఇనుము మీద ఉంటాయి. కరెంటు దాని ఒంట్లోంచి పోతుంది. చెట్లు లేని మా మెట్టల్లో అది కూర్చోవడానికి ఎత్తైన చోటు ఆ స్తంభమే మరి. స్తంభం దగ్గర తీగకు రబ్బరు తొడుగు వేస్తే చాలు. అర్జీ రాసి ఇచ్చాను. ఇంకా వేయలేదు. సంక్రాంతి పోయాక మళ్లీ పోయి అడుగుతాను.

సంక్రాంతి సెలవులకు మీరు ఎట్లాగూ వస్తారు. అప్పటికి గూట్లో గుడ్లు ఉంటాయి, ఆడగద్ద కూర్చుని ఉంటుంది. లోయకు ఇవతల నుంచే చూద్దాం, దగ్గరికి పోతే లేచిపోతుంది, గుడ్లు చల్లబడతాయి. ఎర్రవీ పసుపువీ కాకుండా మట్టిరంగు బట్టలు తెచ్చుకోండి. బైనాక్యులర్ ఒక్కటే ఉంది, మొదట చిన్నోడికి. మగది వేట తెచ్చి పెట్టినప్పుడు ఆడది చీల్చుకుని తింటుంది, ముక్కును బండకు రెండువైపులా రుద్దుతుంది, అప్పుడు మాట్లాడకుండా చూడండి. చీకటితో లేవాల్సిన పని లేదు. తొమ్మిదింటికి బయల్దేరుదాం, బండ కాగందే మగది ఎట్లాగూ పెద్దగా లేవదు.

మీ జేజి