ఆల్సేస్-లోరైన్: ఎవరి పాలనో ఆ జనాన్ని అడగని 47 ఏళ్లు

ఫ్రాన్స్‌లో రైళ్లు మామూలుగా ఎడమ పట్టాల మీద నడుస్తాయి. జర్మనీ సరిహద్దున ఉన్న ఆల్సేస్‌లో, లోరైన్‌లో భాగమైన మోసెల్‌లో మాత్రం కుడి పట్టాల మీద. మతాన్ని ప్రభుత్వం నుంచి విడదీసిన 1905 నాటి ఫ్రెంచి చట్టం కూడా అక్కడ వర్తించదు. చర్చి ఫాదర్లకు నేటికీ సర్కారు జీతమే. ఆ చట్టం వచ్చిననాటికి ఆ నేల జర్మనీ చేతిలో ఉంది మరి.

జర్మన్ల చేతిలో యుద్ధం ఓడిన ఫ్రాన్స్ 1871 మే 10న ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పందంతో ఆల్సేస్‌లో చాలా భాగాన్ని, లోరైన్‌లో కొంత భాగాన్ని వదులుకుంది. అక్కడివాళ్లు మాట్లాడేది జర్మన్ యాసే కాబట్టి వాళ్లు మావాళ్లేనంది బెర్లిన్. కానీ లోరైన్‌లోని మెట్జ్ నగరం చుట్టుపక్కల జనం మాట్లాడేది ఫ్రెంచి. అక్కడ సైన్యానికి కావలసింది కోట. దక్కిన నేలకు మిగతా జర్మన్ రాష్ట్రాల హోదా ఇవ్వకుండా సామ్రాజ్యపు ఉమ్మడి ఆస్తిగా ఉంచేశారు. ఫ్రెంచి పౌరులుగా ఉండాలనుకుంటే 1872 అక్టోబర్ 1లోగా ఊరు విడిచి వెళ్లాలన్నారు.

1874లో ఆ ప్రాంతం తొలిసారి 15 మంది సభ్యుల్ని జర్మన్ పార్లమెంటుకు పంపింది. వారిలో ఎడ్వర్డ్ టాయిచ్ లేచి, మా జనాన్ని అడిగి నిర్ణయించండని తీర్మానం పెట్టాడు. సభ తోసిపుచ్చింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ ఘట్టమే.

తర్వాత స్ట్రాస్‌బర్గ్‌కు కొత్త విశ్వవిద్యాలయం, కొత్త పేటలు వచ్చాయి. కార్మికులకు బీమా అందింది. 1911లో సొంత శాసనసభ కూడా ఏర్పడింది. కొత్త తరం ఫ్రాన్స్‌లో కలపమనడం మానేసి, మిగతా రాష్ట్రాలతో సమాన హోదా అడుగుతోంది. సర్దుకుంటున్న ఆ సంసారాన్ని సైన్యమే చెడగొట్టింది.

1913లో జాబెర్న్ అనే చిన్న ఊళ్లో ఇరవయ్యేళ్ల లెఫ్టినెంట్ ఒకడు స్థానికుల్ని 'వాకెస్' అని, ఆల్సేస్ వాళ్లను కించపరిచే మాటతో తిట్టాడు. ఊరు భగ్గుమంది. నవంబర్ 28 సాయంత్రం సైనికులు వీధిలో దొరికినవాళ్లను దొరికినట్టు పట్టుకుని బ్యారక్‌లోని నేలమాళిగలో రాత్రంతా బంధించారు. పార్లమెంటు 293–54 ఓట్లతో ఛాన్సలర్‌ను అభిశంసించినా ఆయన పదవి కదల్లేదు. ఆ పని చేయించిన కల్నల్‌ను సైనిక న్యాయస్థానం నిర్దోషిగా వదిలేసింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడాక 1918 నవంబర్‌లో ఫ్రెంచి సేనలు వచ్చాయి. జనం పూలు చల్లారు. డిసెంబర్‌లో స్ట్రాస్‌బర్గ్‌కు వచ్చిన అధ్యక్షుడు పొయంకరే ఆ జనసందోహాన్ని చూసి, ప్రజాభిప్రాయ సేకరణ అయిపోయినట్టేనన్నాడు. ఓటు పెట్టెలు మాత్రం ఈసారీ రాలేదు. గుర్తింపు కార్డులొచ్చాయి: పూర్వీకుల్ని బట్టి ఏ, బీ, సీ, డీ. తల్లి స్థానికురాలే అయినా తండ్రి జర్మన్ అయితే బిడ్డకు 'బీ' కార్డు.